కొల్లేటి దారుల్లో ట్రాక్టరు వెనక

తాడేపల్లిగూడెం రెండు నేలల సరిహద్దు మీద ఉన్న ఊరు. ఉత్తరంగా నల్లజర్ల వైపు వెళ్తే ఎర్రమట్టి, పామాయిల్ తోటలు, ఎక్కుతూ దిగుతూ పోయే రోడ్డు. దక్షిణంగా వస్తే గోదావరి కాలువల కింద వరి, వరి దాటితే చేపల చెరువులు, ఆ చెరువులూ దాటితే కొల్లేరు. మెట్టలో కోసిన గెలలైనా పల్లంలో నూర్చిన ధాన్యమైనా కదలాలంటే ట్రాక్టరు వెనక ట్రక్కు ఉండాల్సిందే. నేను వెళ్లింది సార్వా కోతల చివర్లో. మిల్లుల ముందు ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి. ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్ వైపు వెళ్తే కర్నూలు బస్తాలు కనిపించాయి. మా సీమ ఉల్లిపాయ ఇంత దూరం వచ్చి, గోదావరి జిల్లాల వంటిళ్లకు ఇక్కణ్ణించి చేరుతుందని తెలిసి సంతోషం వేసింది. మార్కెట్ పక్కన బండి మీద ఆ ఉల్లిపాయతో వేసిన పకోడీ పొట్లం కట్టించుకుని తిన్నాను. పిండి తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ, అంచులు మాడీ మాడనట్టు.

మాది మదనపల్లె. మా వైపు బరువు బండి అంటే ముందు గుర్తొచ్చేది ఘాటు. టమాటా లోడు భాకరాపేట ఘాటు దిగుతుంటే డ్రైవరుకి ముందున్న మలుపెంత ముఖ్యమో వెనకున్న బరువూ అంతే ముఖ్యం. ఆ భయం మాకు చిన్నప్పటి నుంచీ ఉంది. గోదావరి పల్లంలో దిగుడు ఎక్కడుంది? కాలువ వంతెన దగ్గర, చెరువు గట్టు దగ్గర తప్ప నేలంతా ఒకటే మట్టం. అందుకే ఇక్కడ ట్రక్కుకి బ్రేకెందుకన్న ప్రశ్న చాలామంది నోట విన్నాను. ఎద్దుల బండి కాలం నుంచీ వచ్చిన ధీమా అది. ఎద్దులు నడిచే వేగంలో బండి ఊగదు, సమతలం మీద దొర్లిపోదు. కానీ ఇప్పుడు బండిని లాగేది ట్రాక్టరు. అది తారురోడ్డు మీద గంటకు ముప్ఫై కిలోమీటర్లు పోతుంది. వెనక టన్నుల బరువు. ఊపు రావడానికి వాలే అక్కర్లేదు, వేగం చాలు. ఈ ప్రయాణంలో నా కళ్లు నీళ్ల కన్నా పక్షుల కన్నా ఎక్కువగా ఈ ట్రక్కుల మీదే ఉన్నాయి.

గూడెం శివార్లలో ట్రక్కులు కట్టే షెడ్డు ఒకటి కనిపిస్తే ఆగాను. ముక్కూ మొహం తెలియని మనిషినైనా ఓనరు ముందు కుర్చీ తుడిచి వేశాడు, తర్వాతే ఏ ఊరని అడిగాడు. "టీ తాగుతారా, మజ్జిగ తెప్పించమంటారా అండి?" మా వైపు మర్యాద లేదని కాదు. కానీ కొత్తవాణ్ణి కూర్చోబెట్టాకే పని అడిగే ఈ పద్ధతి గోదావరి జిల్లాల్లో ఇంకా చెక్కుచెదరలేదు. షెడ్డులో ఛాసీ ఒకటి బోర్లించి ఉంది. చానెల్ ఇనుము, యాక్సిల్, హబ్బులు, ముందుకు పొడుచుకొచ్చిన డ్రాబారు, దాని కొసన ట్రాక్టరు పిన్ను దూరే రింగు. చక్రం బిగించే చోట డ్రమ్ము లేదు. "అడిగితే వేస్తామండి. అడిగేవాళ్లేరీ? బ్రేకు డబ్బులతో తొట్టి రేకు ఇంకాస్త మందం వేయమంటారు."

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. రేకు మందం కొన్న రోజునుంచీ కంటికి కనిపిస్తుంది. బ్రేకు విలువ ఏదో ఒక్క రోజు ఒక్క క్షణంలో తెలుస్తుంది, అది అసలు రాకపోవచ్చు కూడా. రైతుని తప్పు పట్టలేం. ట్రక్కు కొనేటప్పుడు బ్రేకు సంగతి ఎవరో ఒకరు ఎత్తాలి. కట్టేవాడు ఎత్తడు, అప్పిచ్చేవాడు ఎత్తడు.

ట్రాక్టరుకి బ్రేకులున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మామూలు ట్రాక్టరుకి వెనక చక్రాలు రెండింటికే ఉన్నాయి. అవి కూడా ఎడమకో పెడలు, కుడికో పెడలు. దమ్ములో మడి చివర గిరుక్కున తిరగడానికి అలా విడదీశారు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం పెట్టుకోవాలి. అది పెట్టకుండా పరుగు మీద ఒక పెడలు తొక్కితే ట్రాక్టరు ఆ పక్కకు విసురుగా తిరుగుతుంది, వెనకున్న ట్రక్కు దాన్ని తోసేస్తుంది. షెడ్డు ఓనరు తన దగ్గరకొచ్చే ప్రతి డ్రైవరుకీ ఆ కొక్కెం చూపిస్తాడట. ఆయన మీద గౌరవం పెరిగింది.

గూడెం నుంచి ఏలూరు దారిలో ఉంగుటూరు దాటాక మా ముందు గడ్డి ట్రక్కు ఒకటి తగిలింది. గడ్డి తొట్టిని మించి రెండు పక్కలా బయటికి పెరిగి, పైన తాళ్లతో బిగించి ఉంది. ట్రాక్టరు కనిపించడం లేదు, ఓ గడ్డివామి తనంతట తాను పోతున్నట్టుంది. ఎదురుగా పెద్ద లారీ ఒకటి రాసుకుంటూ పోయింది. ఆ గాలి తోపుకి ట్రక్కు తోక ఎడమకి జరిగింది. సర్దుకుని కుడికి వచ్చింది, కానీ ఎడమకి పోయినదాని కన్నా కాస్త ఎక్కువే వచ్చింది. మళ్లీ ఎడమకి, ఇంకాస్త ఎక్కువ. మా డ్రైవరు కారు నెమ్మది చేసి దూరం పెంచాడు. ముందున్న ట్రాక్టరు మనిషి మటుకు స్టీరింగు అటూ ఇటూ తిప్పినట్టు లేదు, బ్రేకు మీద కాలు వేసిన జాడ లేదు. రేజు తగ్గించి వదిలినట్టున్నాడు. ఊపు ఒక్కొక్కటిగా చిన్నదై చచ్చింది. ఆ మనిషి ముఖం చూడలేకపోయాను గానీ, అతనికి ఎవరు నేర్పారో తెలిస్తే బాగుండుననిపించింది.

లాగే బండికీ లాగించుకునే బండికీ మధ్య ఒకే ఒక్క పిన్ను. ఆ పిన్ను చుట్టూ ట్రక్కు అటూ ఇటూ తిరగగలదు. గుంటో గాలో పక్కకు నెట్టినప్పుడు టైర్లు దాన్ని వెనక్కి లాక్కొస్తాయి. నెమ్మదిగా పోతుంటే ఒకటి రెండు ఊపుల్లో సర్దుకుంటుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. ఆ హద్దు వేగం ఎంతన్నది ట్రక్కును బట్టి ఉంటుంది. రెండు చక్రాల ట్రక్కులో బరువు యాక్సిల్‌కి వెనకగా పడితే హద్దు తగ్గిపోతుంది. డ్రాబారు పొట్టిదైనా, టైర్లలో గాలి తక్కువైనా అంతే. పిన్ను అరిగి రింగులో వదులుగా ఆడుతుంటే ట్రక్కు తిన్నగా నడవడమే కష్టం. కార్ల వెనక లాగే ట్రైలర్లకు అమెరికాలో ఒక లెక్క చెబుతారు, మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు హుక్కు మీద పడాలని. మన ధాన్యం బస్తాలకు తూకం వేసేదెవరు? అయినా సూత్రం చేతికి అందేదే. ముందు నుంచి నింపుకుంటూ రావాలి, వెనక తలుపు దగ్గర గుట్ట పోయకూడదు. మరీ ముందుకే కుక్కేస్తే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టు పోతుంది.

ఇక ఊపు మొదలయ్యాక ఏం చేయాలి? ట్రాక్టరు బ్రేకు గట్టిగా తొక్కితే ముందున్నది ఆగుతుంది, వెనకున్నది ఆగదు. అది పిన్నును ముందుకు తోస్తుంది. అప్పటికే వంకరగా ఉంటే ఆ తోపు వంకరను పెంచి రెండింటినీ మడతేస్తుంది. బ్రేకు ట్రక్కు చక్రాలకుండి, ముందు అదే పట్టుకుంటే పని తిరగబడుతుంది. ట్రక్కు వెనక్కి గుంజుతుంది, పిన్ను దగ్గర తాడు బిగిసినట్టవుతుంది, గాలిపటాన్ని తోక నిలబెట్టినట్టు ఆ గుంజుడే ట్రక్కును వరసలోకి తెస్తుంది. అయితే పట్టు మెత్తగా ఉండాలి. చక్రాలు పూర్తిగా బిగుసుకుపోయి జారితే వాటికి పక్కపట్టు కూడా పోతుంది, ట్రక్కు తోక ఇంకా విసురుగా తిరుగుతుంది. తడిసిన నల్లరేగడి మీదైతే మరీ.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం. పడమట నుంచి కృష్ణ కాలువ, తూర్పు నుంచి గోదావరి కాలువ ఈ ఊళ్లోనే కలుస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువ రెండు డెల్టాలనూ కలిపే పడవదారి అయింది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఇదీ భాగమే, ఇప్పుడు మాత్రం నీటి మీద గుర్రపుడెక్క. వంతెన పిట్టగోడ దగ్గర నిలబడి ఆ పాత పడవల గురించి ఆలోచించాను. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. గట్టు మీంచి లాగితే పడవ ముక్కు గట్టు వైపే తిరుగుతుంది. అందుకే పడవ వెనక చుక్కాని దగ్గర మనిషి తప్పనిసరి. ముందు ఎంతమంది లాగినా, తిన్నగా పోవడం వెనక మనిషి చేతిలోనే ఉండేది. నూరేళ్లకు పైగా ఈ ఊరికి తెలిసిన పాఠం అది. డీజిలు ఇంజను వచ్చాక వెనక కాపలా ఎందుకు మానేశామో నాకు అర్థం కాదు.

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే ఊళ్లు పల్చబడి ఆకాశం పెరుగుతుంది. కొల్లేరు అంటే ఒక ఒడ్డున నిలబడి చూసే సరస్సని మా వైపువాళ్లు అనుకుంటారు, నేనూ అలాగే ఊహించాను. ఇది అలాంటిది కాదు. నీరు, రెల్లు, గుర్రపుడెక్క, వాటి మధ్య గట్లు, గట్ల మీద దారులు, దారుల వెంట లంక ఊళ్లు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడ చేరి, తీరిగ్గా ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరంతా ఇటే వచ్చి ఈ రోడ్డునే ముంచింది. నేను వెళ్లినప్పుడు అల్పపీడనం వల్ల సన్నగా తుంపర.

మర్నాడు పరిచయస్తుల ద్వారా ఒక చెరువు మీదికి వెళ్లాను. అక్కడ పొద్దున పని మేత కట్టడం. చెరువులో పాతిన కర్రలకు చిల్లుల సంచులు వేలాడుతుంటాయి. పడవ మీద మనిషి ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్లి తవుడు, చెక్క కలిపిన మేతను సంచికి నింపి వస్తాడు. చిల్లుల్లోంచి బొచ్చెలు, శీలావతులు పొడుచుకుని తింటాయి. నీటి మీద తవుడు పొర మీగడలా కాదు, సన్నటి దుమ్ములా తేలుతుంది, వాసన మిల్లు వాసనే. ఆ తవుడు బస్తాలన్నీ గట్టు మీదికి చేరేది ట్రక్కులో. గట్టు వెడల్పు ట్రాక్టరుకి సరిపోయి ఇరుపక్కలా ఒక అడుగు మిగిలేంత. రెండు వైపులా నీళ్లు. ఇక్కడ ట్రక్కు తోక ఒక అడుగు జరిగితే చాలు.

ట్రాక్టరు తోలే ఆయనకు అరవై దాటి ఉంటాయి. నన్ను మాస్టారనే పిలిచాడు. ఆయన ట్రక్కుకి బ్రేకుంది. ట్రాక్టరు హైడ్రాలిక్ నుంచి నల్లటి పైపు డ్రాబారు వెంట వెనక్కి పోయి యాక్సిల్ దగ్గర చీలి రెండు డ్రమ్ములకూ చేరుతుంది. సీటుకి కుడిపక్కన చిన్న లివరు. "మడ్‌గార్డు మీద కూర్చోకండి మాస్టారూ, దిగి నడవండి, చెబుతాను" అన్నాడు. ట్రక్కు గట్టు దిగే చోట నన్ను పిన్ను దగ్గర, కాస్త ఎడంగా నడవమన్నాడు.

ముందు లివరు ముట్టుకోకుండా ట్రాక్టరు బ్రేకు మీదే దించాడు. రింగులో పిన్నుకి వేలెడు సందుంది. లాగుతున్నంతసేపూ పిన్ను రింగు ముందంచుకి ఆనుకుని ఉంది, అక్కడ ఇనుము మెరుస్తోంది. వాలు మొదలై ఆయన బ్రేకు తొక్కగానే టక్కుమంది. రింగు ముందుకొచ్చి దాని వెనకంచు పిన్నును గుద్దింది. డ్రాబారు ఒక పక్కకు సన్నగా ఒరిగింది, ట్రాక్టరు వెనక టైరు బురదలో ఓ బెత్తెడు జారింది. "విన్నారా? ఇప్పుడు ట్రక్కు నన్ను తోలుతోందండి." మళ్లీ వెనక్కి ఎక్కించి, ఈసారి ముందు లివరు లాగి, ఆ తర్వాత పెడలు తొక్కాడు. టక్కుమనలేదు. పిన్ను ముందంచునే పట్టుకుని ఉంది, డ్రాబారు గీత గీసినట్టు తిన్నగా దిగింది. పుస్తకాల్లో చదివినదంతా ఆ ఒక్క ఇనుప చప్పుడు ఉండటంలో, లేకపోవడంలో నాకు తేటతెల్లమైంది. రోడ్డు మీద ఊపు వచ్చినప్పుడూ అంతేనన్నాడు. రేజు వదిలి, లివరు కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు లాగాలి, స్టీరింగుతో ఊపును తరమకూడదు. కుర్రాళ్లు కొందరు రేజు పెంచితే సర్దుకుంటుందంటారట. పెంచిన క్షణం తాడు బిగిసినట్టే ఉంటుంది, కానీ వేగం హద్దు దాటి ఇంకా పైకి పోతుంది. తర్వాత దాన్ని ఆపేదేమీ ఉండదు.

మధ్యాహ్నం భోజనం ఆయనింట్లోనే. కొర్రమేను పులుసు, చింతపండు పులుపు మా సీమ పులుసు కన్నా తక్కువ, కారం కూడా, కానీ చేప రుచి దాక్కోలేదు. నేను ముక్క తీసుకోవడానికి మొహమాటపడుతుంటే ఆయన భార్య అడగకుండానే తల ముక్క వడ్డించింది. అతిథికి తల ముక్క పెట్టడం వాళ్ల లెక్కలో పెద్ద గౌరవమట. టెక్సాస్ నుంచి సెలవుకొచ్చిన ఆయన మేనల్లుడు కూడా పంక్తిలో ఉన్నాడు. అతనికి అక్కడ పికప్ బండి, వెనక లాగే క్యాంపర్ ఉన్నాయి. "మావయ్యా, నువ్వు లివరు పెట్టావే, మాకు డ్యాష్‌బోర్డు కింద అదే ఉంటుంది. బ్రేక్ కంట్రోలరంటారు. క్యాంపర్ చక్రాలకు కరెంటు బ్రేకులు. ఊగితే బండి బ్రేకు జోలికి పోకుండా వేలితో అది నొక్కమని మొదటి రోజే నేర్పుతారు" అన్నాడు. మావయ్య అన్నం కలుపుతూనే "అయితే అమెరికావాళ్లకీ తెలుసన్నమాట" అన్నాడు, తృప్తిగా.

ఐరోపాలోనూ బ్రిటన్‌లోనూ మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రైలరు బ్రేకు లేకుండా రోడ్డెక్కకూడదు. అక్కడ చాలావాటికి ఉండేది తోపుడు బ్రేకు. ముందు బండి నెమ్మదించగానే ట్రైలరు ముందుకు తోస్తుంది, ఆ తోపుకే డ్రాబారులోని కడ్డీ లోపలికి జరిగి డ్రమ్ములను పట్టిస్తుంది. పైపులు, కరెంటు ఏమీ అక్కర్లేదు, మన షెడ్డుల్లో కట్టదగినదే. కానీ ఊపు వచ్చినప్పుడు డ్రైవరు దాన్ని విడిగా లాగలేడు, ముందు బండి తగ్గితేనే అది పనిచేస్తుంది. అందుకే కొల్లేటి గట్ల మీద నా ఓటు మావయ్య లివరుకే. 750 కిలోలంటే ఎంత? పదిహేను తవుడు బస్తాలు, బస్తా యాభై కిలోల లెక్కన. ఈ గట్ల మీద అంతకు కొన్ని రెట్లు బరువున్న ట్రక్కులు బ్రేకు లేకుండా రోజూ తిరుగుతున్నాయి. ఈ డ్రైవర్ల నేర్పు వల్లే చాలా రోజులు క్షేమంగా గడుస్తున్నాయి. కానీ ఎంత నేర్పున్నవాడి చేతిలోనైనా ఒక పరికరం ఉండాలి కదా.

సాయంత్రం ఆటపాక వెళ్లాం. అటవీశాఖ పాతించిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకున్నాయి. బరువైన పక్షి, రెక్కలు విప్పి దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి నీటిని తోసుకుంటూ ఆగుతుంది. మేనల్లుడు ఫొటోలు తీస్తుంటే మావయ్య పక్షుల వైపు చూడటం లేదు, గట్టు మీద నుంచి దిగుతున్న వేరొకరి ట్రక్కు వైపే చూస్తున్నాడు. దాని వెనక తలుపు మీద బస్తాలు గుట్టగా ఉన్నాయి. కేకేసి ఆపించి, దగ్గరుండి నాలుగు బస్తాలు ముందుకు మార్పించాడు. ఆ కుర్రాడు విసుక్కోలేదు. "సరే బాబాయ్" అని తనే దిగి బస్తాలు మోశాడు.

తిరుగుదారిలో మావయ్య తన రెండో ట్రక్కుకీ బ్రేకు వేయించే సంగతి ఎత్తాడు. పాత లారీ డ్రమ్ములు దొరికితే సరిపోతాయా, కొత్తవి కొనాలా అన్న దగ్గర మావయ్యకీ మేనల్లుడికీ పొత్తు కుదరలేదు. నన్నడిగారు. కొత్తవే అన్నాను. రెండు చక్రాలూ ఒకేసారి, ఒకే పట్టు పట్టకపోతే బ్రేకే ట్రక్కును పక్కకు లాగుతుంది. పాతవి జోడీ కుదరడం కష్టం. డబ్బు మేనల్లుడు ఇస్తానన్నాడు. మావయ్య వద్దన్నాడు, సార్వా ధాన్యం డబ్బు రాగానే తానే వేయిస్తానన్నాడు. దాళ్వా నాట్లు మొదలైతే ట్రక్కుకి తీరిక ఉండదు కాబట్టి సంక్రాంతి లోపే గూడెం షెడ్డుకి తీసుకెళ్లాలని చివరికి తేలింది.